చర్చ: ఎవరి స్పీడ్‌లో వాళ్లు నేర్చుకునేలా డిజిటల్ ప్లాట్‌ఫామ్ పెట్టిన స్కూళ్ల వాళ్లు, మీ అనుభవం చెప్పండి

లెక్కల_టీచర్
మా స్కూల్లో వచ్చే ఏడాది నుంచి ఒక లెర్నింగ్ ప్లాట్‌ఫామ్ పెడదామంటున్నారు, పిల్లలు ఎవరి స్పీడ్‌లో వాళ్లు వెళ్లాలి, టీచర్ పక్కనుండి సాయం చేయాలి అని ఉద్దేశం. ఆలోచన నాకు బాగా నచ్చింది కానీ డెమోలో చూపించిందంతా వీడియోలు, మార్కుల గ్రాఫులే. పిల్లాడికి నిజంగా ఏం మారుతుందో దాంట్లో కనపడలేదు. నావి ఏడు, ఎనిమిది తరగతులు. వాడినవాళ్లు ఏది పనిచేసిందో ఏది చేయలేదో కొంచెం వివరంగా చెప్పరూ.

సైన్స్_మేడమ్
ప్లాట్‌ఫామ్ పెట్టినంత మాత్రాన ఏమీ మారదండి, ముందు పరీక్షల పద్ధతి మారాలి. చాలాచోట్ల జరిగేది ఏంటంటే పాత వర్క్‌షీట్లే పీడీఎఫ్ చేసి ఎక్కిస్తారు, అందరికీ ఒకటే డెడ్‌లైన్, ఒకటే టెస్టు, ఇంక ఎవరి స్పీడ్ వాళ్లది ఎక్కడుంది? మా దగ్గర యూనిట్ టెస్టు అందరికీ ఒకే రోజు పెట్టడం ఆపేశాక తేడా మొదలైంది. పిల్లలు రెడీ అనుకున్నప్పుడు రాస్తారు, రాకపోతే ఎక్కడ ఆగారో చూసుకుని మళ్లీ చదివి వేరే ప్రశ్నలతో ఇంకోసారి రాస్తారు, రెండోసారి వచ్చిన మార్కే లెక్క. ఇదేం కొత్త విషయం కాదు, బెంజమిన్ బ్లూమ్ అనే అమెరికా విద్యావేత్త 1968లోనే మాస్టరీ లెర్నింగ్ గురించి, అంటే ఒక పాఠం పూర్తిగా వచ్చాకే తర్వాతిదానికి వెళ్లడం గురించి రాశాడు. నలభైమందికి నాలుగు రకాల పేపర్లు తయారుచేసి దిద్దాలంటే ఒక్క టీచర్ వల్ల అయ్యే పని కాదు, క్వశ్చన్ బ్యాంక్ ఉంటే అవుతుంది. నా వరకు ప్లాట్‌ఫామ్ అసలు ఉపయోగం అదే.

సర్వర్_చూసేవాడిని
టెక్నికల్ సంగతి నేను చెప్తా. అన్నిటినీ ప్లాట్‌ఫామ్ అనేస్తున్నారు గానీ ఒక్కోదాని పని వేరు. గూగుల్ క్లాస్‌రూమ్ 2014లో వచ్చింది, పని ఇవ్వడానికి, తీసుకోవడానికి తేలిక, కావాలంటే కొంతమందికే వేరే పని ఇవ్వొచ్చు. మూడిల్ 2002 నుంచి ఉంది, ఓపెన్ సోర్స్, అంటే ఎవరైనా ఉచితంగా తీసుకుని తమ సర్వర్‌లో పెట్టుకోవచ్చు, దాంట్లో రిస్ట్రిక్ట్ యాక్సెస్ అని ఒక సెట్టింగ్ ఉంటుంది, ఈ క్విజ్‌లో ఇంత వస్తేనే తర్వాతి పాఠం తెరుచుకోవాలి, తక్కువొస్తే ఈ రివిజన్ పాఠం కనపడాలి అని మనమే దారులు వేయొచ్చు. కానీ సర్వర్, బ్యాకప్, అప్‌డేట్లు చూసుకునే మనిషి ఉండాలి. ఖాన్ అకాడమీలో ప్రాక్టీస్ లెక్కలు రెడీగా ఉంటాయి. నెట్ సరిగా లేనిచోట కోలిబ్రి అనే సాఫ్ట్‌వేర్ చూడండి, ఒక కంప్యూటర్‌లో ముందే కంటెంట్ దించుకుంటే మిగతావి లోకల్ నెట్‌వర్క్‌లో దాన్నుంచి వాడుకుంటాయి, ఇంటర్నెట్ అక్కర్లేదు.

ఏది కొన్నా సంతకం పెట్టేముందు ఒక మాట అడగండి, మేం రాసిన ప్రశ్నలు, పిల్లల రికార్డులు రేపు మానేస్తే బయటికి తీసుకోవచ్చా, ఏ ఫార్మాట్‌లో ఇస్తారు అని. నాలుగు ప్రశ్నలు ఎక్కించి వెంటనే ఎక్స్‌పోర్ట్ చేసి చూపించమనండి. టీచర్లు ఏళ్లతరబడి కూర్చుని రాసిన క్వశ్చన్ బ్యాంక్ ఒక కంపెనీలో ఇరుక్కుపోతే చాలా బాధేస్తుంది.

ఇద్దరి_అమ్మ
పేరెంట్‌గా నాది ఇంకో ప్రశ్న. పిల్లల తప్పులన్నీ రికార్డ్ అవుతున్నాయి కదా, అవి ఎవరు చూస్తారు, ఎంతకాలం ఉంచుతారు? స్కూల్ వాళ్లని అడిగితే యాప్‌లో ఉంది చదవండి అన్నారు, అది అంత పెద్ద ఇంగ్లీషు డాక్యుమెంట్. ఒక పేజీలో మన భాషలో రాసిస్తే చాలు. ఇంకోటి, స్కూల్లో అంతసేపు స్క్రీన్ ముందు కూర్చుని ఇంటికొచ్చి మళ్లీ స్క్రీనేనా?

పదో_తరగతి
నేను స్టూడెంట్‌ని. నాకు నచ్చింది వీడియో ఆపి వెనక్కి తిప్పుకోవడం, క్లాసులో మళ్లీ చెప్పండి సర్ అనడానికి మొహమాటం. నచ్చనిది లీడర్‌బోర్డ్. కింద ఉన్నవాళ్ల పేర్లు అందరికీ కనపడేసరికి మా ఫ్రెండ్ ఒకడు లాగిన్ అవ్వడమే మానేశాడు. ఇంకా కొన్ని ఎక్సర్‌సైజుల్లో హింట్ నొక్కుతూ పోతే చివరికి ఆన్సర్ వచ్చేస్తుంది, అది టైప్ చేసి చాలామంది ముందుకెళ్లిపోతారు, టీచర్‌కి మాత్రం పూర్తయినట్టు పచ్చగా కనపడుతుంది. ఎంతమంది పూర్తిచేశారు అని కాకుండా ఎలా చేశావో చెప్పు అని అడిగితే బాగుంటుంది.

సైన్స్_మేడమ్
బాబూ చాలా మంచి మాట చెప్పావు. @లెక్కల_టీచర్ మీ సబ్జెక్టులోదే చూడండి, 1/2 + 1/3 ఎంత అంటే ఒక పిల్లాడు 2/5 వేశాడనుకోండి, సిస్టమ్ తప్పు అని ఎర్రగా చూపిస్తుంది అంతే. పైవి పైవి, కిందవి కిందవి కూడేశాడని మీకు చూడగానే తెలుస్తుంది. అదే తప్పు ఇంకా ఎవరు చేశారో డ్యాష్‌బోర్డ్‌లో, అంటే పిల్లలందరి జవాబులు టీచర్‌కి ఒకచోట కనపడే పేజీలో చూసి ఆ నలుగురైదుగురిని ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టి ఒకే సైజు కాగితాలు మడిచి చూపిస్తే ఆ పీరియడ్ సార్థకం అయినట్టే, మిగతావాళ్లు ఈలోపు వాళ్ల పని వాళ్లు చేసుకుంటారు. డ్యాష్‌బోర్డ్ క్లాసుకి ముందే చూడాలి, తర్వాత కాదు. అందుకే టైంటేబుల్‌లో టీచర్‌కి ఆ ఖాళీ ఇవ్వకపోతే ఏ సాఫ్ట్‌వేర్ పెట్టినా దండగ అని నేను గట్టిగా చెప్తాను.

@ఇద్దరి_అమ్మ గారూ మీ భయం న్యాయమైనదే. యునెస్కో 2023లో విద్యలో టెక్నాలజీ మీద ఇచ్చిన రిపోర్ట్‌లో కూడా ఇది టీచర్ ఎదురుగా ఉండి చెప్పేదానికి తోడుగా ఉండాలే గానీ దాని స్థానంలో రాకూడదని స్పష్టంగా ఉంది. మా దగ్గర స్క్రీన్ పని స్కూల్లోనే అయిపోతుంది, ఇంటికి నోట్‌బుక్ పనే ఇస్తాం.

లెక్కల_టీచర్
అందరికీ థాంక్స్ అండి, చాలా క్లారిటీ వచ్చింది. స్కూల్ మొత్తం ఒకేసారి వద్దు, ఎనిమిదో తరగతిలో ఒక యూనిట్‌తో మొదలుపెడదాం, లీడర్‌బోర్డ్ ఆఫ్ చేసి, రెండోసారి టెస్టు రాసే అవకాశంతో, అని మీటింగ్‌లో అడుగుతాను. ఒక్క డౌట్ మిగిలింది, స్పీడ్ వాళ్ల చేతికే ఇస్తే బాగా వెనకబడిన పిల్లలు ఇంకా వెనకబడిపోరా?

సైన్స్_మేడమ్
వదిలేస్తే పడిపోతారు, అందులో అనుమానం లేదు. ఎవరి స్పీడ్ వాళ్లది అంటే అసలు తేదీలే లేకపోవడం కాదండి. సోమవారం ప్రతి పిల్లాడూ ఈ వారం ఎక్కడిదాకా వెళ్తాడో వాడే రాసుకోవాలి, మీరు చూసి సరే అనాలి, మరీ తక్కువ రాసుకుంటే మాట్లాడి పెంచాలి, వారం మధ్యలో ఆగిపోయినవాళ్లని మీరే పిలవాలి, వాళ్లు వచ్చి అడుగుతారని చూడకూడదు. బాగా వెనకున్నవాళ్లకి కింది తరగతి పాఠం తెరిచి ఇవ్వండి, కానీ దానికి ఆరో తరగతి అని పేరు పెట్టకండి, టాపిక్ పేరే పెట్టండి.