పెరట్లో మడులకు అంచు: సిమెంటు గట్టా, పాత పెంకులా?

పర్లాకిమిడి పెరడు:
పాతిల్లు విప్పి స్లాబు వేశాం. మొన్నటి వానకు స్లాబు గొట్టం నీళ్లు నేరుగా వంగ, మిరప మడుల్లో పడి, ఎర్రమట్టంతా పక్కింటి వాకిట్లోకి పోయింది. వాళ్లావిడ ఒక్క మాటా అనలేదు. మా గోడ వైపు చూస్తూ చాలాసేపు ఊడ్చింది, అంతే. మడుల చుట్టూ జానెడు ఎత్తున సిమెంటు గట్టు కట్టేద్దామంటున్నాడు మేస్త్రీ. పాతింటి గూనపెంకులు ఓ మూల గుట్టగా పడున్నాయి. వాటితో పనవుతుందా?

గుణుపురం కోడలు:
సిమెంటు వద్దన్నయ్యా. మా మామగారు కట్టించారు. నాలుగు వైపులా మూసేసరికి మడి కాస్తా తొట్టె అయింది. మిరప మొక్కలు వేరు కుళ్లి వరసగా వాలిపోయాయి. ఆ గట్టుకి మళ్లీ చిల్లులు కొట్టించడానికి ఇంకో కూలీ! పెంకులు నిలబెట్టి సగానికి పైగా మట్టిలో పాతండి. సందుల్లోంచి నీరు పోతుంది, మట్టి చాలావరకు ఆగుతుంది.

రాయగడ తాపీ:
తప్పు సిమెంటుది కాదమ్మా, చిల్లులు వదలనివాడిది. మూడేసి అడుగులకో గొట్టం ముక్క పెడితే సరిపోయేది. పెంకు కాలు తగిలితే విరుగుతుంది. ఖర్చు వద్దనుకుంటే పాత ఇటుకలు ఏటవాలుగా, రంపం పళ్లలా పాతుకోండి. ఖాళీ సీసాలు మాత్రం పాతకండి. ఒక్కసారి గునపం తగిలిందా, ఆ మడిలో మళ్లీ వట్టికాళ్లతో దిగలేరు.

జయపురం మాస్టారు:
అంచు గురించి తగువెందుకు, నీళ్ల లెక్క చూడండి. 1,000 చదరపు అడుగుల స్లాబు మీద 50 మిల్లీమీటర్ల వాన పడితే దాదాపు 4,600 లీటర్లు. అదంతా ఒక్క గొట్టంలోంచి దూకితే పెంకేం చేస్తుంది, సిమెంటేం చేస్తుంది? గొట్టం కింద గులకరాళ్లు పోసి, బోదె తీసి ఇంకుడు గుంతలోకి పంపండి.

రాయగడ తాపీ:
గుంత నాలుగడుగుల పొడవు, వెడల్పు, లోతు తవ్వితే పట్టేది 1,800 లీటర్లు. రాళ్లు నింపాక అందులో సగం కూడా పట్టదు. మిగతాది ఎటు పోతుంది మాస్టారూ? పునాది వైపే కదా!

జయపురం మాస్టారు:
గోడకి పదడుగుల దూరంలో తవ్వమనండి. నిండితే పొర్లిపోవడానికి వీధి కాలువ వైపు దారి వదలమనండి. గుంత ఉంటే కాలువే అక్కర్లేదని నేననలేదు.

గుణుపురం కోడలు:
2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు మా పెరట్లో ఏ లెక్కా పనిచేయలేదు లెండి. కానీ అంచుగా వేసిన నిమ్మగడ్డి మాత్రం వేళ్లతో మట్టిని పట్టుకుని అలాగే ఉంది. టీలోకి ఆకులు ఉచితం.

పర్లాకిమిడి పెరడు:
మాస్టారి మాట మీద నిన్న అడుగు లోతు గొయ్యి తీసి బిందెతో నీళ్లు పోశాను. రాత్రి టార్చి వేసి చూస్తే సగం దిగింది. పొద్దున్నకి ఇంకా నాలుగు వేళ్ల నీళ్లున్నాయి, ఓ కప్ప కూడా చేరింది. మాది బంకమట్టి, ఇక్కడ ఇంకుడు గుంత దండగ. అందుకని గొట్టం నీళ్లు బోదెలో వీధి కాలువకే పంపుతున్నా, దారిలో చేమదుంపలు వేస్తున్నా. మడులకు పెంకులే, పక్కింటి వైపు మాత్రం నిమ్మగడ్డి. వదినా, మీ దగ్గర పిలకలుంటే నాలుగు ఉంచండి. ఆదివారం గుణుపురం వస్తున్నా.

రాయగడ తాపీ:
బోదె వాలు పదడుగులకి అంగుళమైనా ఉందో లేదో చూసుకోండి బాబూ. లేకపోతే మీ కప్ప అక్కడే కాపురం పెడుతుంది.