అప్‌డేట్: చెల్కలో ముల్లంగి గడ్డ చీలుడు ఆగింది

దేవరకొండ దిక్కు ఎర్ర చెల్కలో (తేలికపాటి ఎర్ర నేలలో) ముల్లంగి ఆకు గుబురుగా పెరిగి, గడ్డ మాత్రం రెండు మూడు కాళ్లుగా చీలుతోందని, ఏం చేయాలని ఇంతకుముందు ఇక్కడ అడిగాను. మళ్లీ విత్తిన మడిని 44వ రోజున పీకాం. గడ్డలు నిటారుగా దిగాయి.

కారణాలు రెండు: పచ్చి పెంట (మాగని పశువుల ఎరువు), పైమట్టి కింద గట్టిపడిన పొర. లేత వేరు కొసకు ఏది అడ్డొచ్చినా గడ్డ చీలుతుంది. ఈసారి అడుగు లోతు దున్ని, గులకరాళ్లు ఏరి, బాగా మాగిన పెంటే వేసి, అడుగున్నర ఎడంతో బోదెలు పోశాం. పూసా చేత్కి అనే ముల్లంగి రకం గింజ, అర అంగుళం లోతు. 12వ రోజున మొక్కకూ మొక్కకూ నాలుగు వేళ్ల ఎడం ఉంచి మిగతావి పీకేశాం. పీకడానికి చెయ్యి రాదు గానీ, ఒత్తుగా వదిలితే ఆకే మిగులుతుంది. యూరియా కూడా సగానికి తగ్గించాం.

ఒక్క తప్పు జరిగింది. వారం తడి ఆపి ఒకేసారి నిండా పారించిన రెండు సాళ్లలో గడ్డలు నిలువునా పగిలాయి. ఆ తర్వాత మూడు నాలుగు రోజులకో పలచని తడి.

పేనుబంకకు (ఆకు రసం పీల్చే చిన్న పురుగులకు) లీటరు నీళ్లకు 5 మి.లీ. వేపనూనె, చిటికెడు సబ్బుపొడి. సాయంత్రం పూట, ఆకు అడుగు తడిసేలా.

మిగిలిన సాళ్లు ఈ అంగడికే పోవాలి. 50 రోజులు దాటితే గడ్డ లోపల బెండు పడుతుంది, అంటే గుల్లబారుతుంది.