"ఊరికే వచ్చాను": ఈ ఊరికే గురించి

ఇద్దరు మాటా పలుకూ లేకుండా కలిసి కూర్చోవడాన్ని తెలుగులో ఏమంటాం, మౌనం అంటే సరిపోతుందా అని నిన్న ఒకరు అడిగారు. నాకైతే సరిపోదు. మౌనం ముని నుంచి వచ్చిన మాట, మననం చేసేవాడు ముని అని పెద్దలు చెప్తారు, అంటే నోరు మూసుకున్నా లోపల ఆలోచన నడుస్తూనే ఉంటుంది. పైగా మౌనవ్రతం ఒక్కరు పట్టేది. మనకి ఇంట్లో వాడుకునే మాట వేరే ఉంది, ఊరక. పాత పద్యాల్లో ఊరక, ఊరకుండు, మన నోట్లో ఊరికే, ఊరుకో.

మాది బొబ్బిలి దగ్గర పల్లె. నా చిన్నప్పుడు రోజూ దీపాలు పెట్టే వేళకి మా తాత స్నేహితుడు వచ్చేవాడు. "ఏటి బావా?" అని తాత అడగడం, "ఏటీ లేదు, ఊరికే" అని ఆయన అనడం. అంతే. ఇద్దరూ అరుగు మీద కూర్చుని చుట్ట వెలిగించేవారు, రాయగడ వైపు వెళ్ళే రైలు కూత వినపడేది, చుట్ట ఆరిపోతే మళ్ళీ వెలిగించుకునేవారు, వానల గురించి గాని ధరల గురించి గాని ఒక్క మాట ఉండేది కాదు. పక్కన కూర్చున్న నాకు అది ఎంతసేపో తెలిసేది కాదు. అరగంటో గంటో అయి ఉంటుంది, కానీ ఆ కాసేపట్లో నిన్నకీ రేపటికీ చోటే లేనట్టుండేది, వాళ్ళు అలా ఎప్పటినుంచో కూర్చునే ఉన్నారనీ ఇక ముందూ కూర్చునే ఉంటారనీ అనిపించేది.

పోతన భాగవతంలో నందుడు గర్గ మునితో "ఊరక రారు మహాత్ములు" అంటాడు, పని లేకుండా పెద్దవాళ్ళు రారని. నాకు మాత్రం ఊరక వచ్చేవాడే దగ్గరివాడు అనిపిస్తుంది. పని ఉండి వచ్చినవాడు పని అవగానే వెళ్ళిపోతాడు కదా.

తాత పోయిన రోజు ఆయన వచ్చి మామ్మతో "ఊరుకో చెల్లెమ్మా, ఊరుకో" అన్నాడు, ఒక్కసారే. తర్వాత అరుగు మీద తన చోటే కూర్చున్నాడు, తాత కూర్చునే చోటు వదిలేసి. చీకటి పడేదాకా కదల్లేదు. మర్నాడు సాయంత్రం కూడా వచ్చాడు. మామ్మ గుమ్మంలోకి వచ్చి కూర్చుంది, ఏటి అని అడగలేదు. చంటిపిల్ల ఏడుపు మానితే ఊరుకుంది అంటాం, ఎత్తుకుని ఊరుకోబెట్టాం అంటాం. పని లేకుండా రావడానికీ, నోరు మెదపకుండా ఉండడానికీ, దుఃఖం చల్లబడడానికీ ఒకే మాట వాడుతున్నాం అని ఆ అరుగు తలుచుకున్నప్పుడే నాకు తట్టింది.

ఇదే మాట తమిళంలో సుమ్మా. ఊరికే అనే అర్థమూ, కదలక మెదలక అనే అర్థమూ రెండూ అందులో ఉన్నాయి. రమణ మహర్షి చెప్పే "సుమ్మా ఇరు"కి మన తెలుగు ఊరకుండు, ఒక్క అక్షరం కూడా పెంచక్కర్లేదు. ఆయన్ని మొదట భగవాన్ రమణ మహర్షి అని పిలిచింది మా బొబ్బిలి దగ్గర కలువరాయిలో పుట్టిన కావ్యకంఠ గణపతి ముని, ఇది చెప్పుకోకుండా ఉండలేను. ఆశువుగా శ్లోకాలు చెప్పి బెంగాల్లోని నవద్వీపంలో కావ్యకంఠ అనే బిరుదు పొందిన మనిషి, 1907 నవంబరులో అరుణాచలం కొండెక్కి, ఇంత చదివాను, ఇంత జపం చేశాను, తపస్సంటే ఏమిటో తెలియలేదు అని అడిగారు. రమణులు కాసేపు ఏమీ మాట్లాడకుండా ఆయన్నే చూస్తూ కూర్చున్నారు. ఆ తర్వాతే రెండు ముక్కలు చెప్పారు. అంత మాటకారి ఆ కాసేపు ఎదురుగా ఊరక కూర్చున్నారన్నది నాకు ఆ రెండు ముక్కలంత ముఖ్యం.

"అన్యాయం చూస్తూ ఊరుకున్నాడు అని కూడా అంటాం కదా" అని కింద కామెంట్లో ఒకరు రాశారు. నిజమే, అక్కడ అది తప్పే. కానీ "చూస్తూ" తీసేసి చూడండి, ఆ నింద అంతా పోతుంది.

టెక్కలి, పలాస వైపు వాళ్ళు ఉంటే చెప్పండి, మీ ఇళ్ళల్లో ముసలివాళ్ళు ఇలా కూర్చోవడాన్ని ఏమనేవారు?