పోలీసు దెబ్బలు తిన్నవాళ్లకు న్యాయసాయం: ముందు ఏ కాగితం, తర్వాత ఏ గడప? (చర్చ)

పారాలీగల్_ఖమ్మం
స్టేషన్‌కు పిలిచి కొట్టారని, లాఠీచార్జిలో చెయ్యి విరిగిందని వచ్చేవాళ్లంతా ముందు అడిగేది "ఎవరి మీద కేసు పెట్టాలి" అని. దానికన్నా ముందు ఆస్పత్రి కాగితం పుట్టాలి. అది లేకపోతే మిగతావన్నీ నోటిమాటలే అవుతాయి. ఎవరి పనికి సంబంధించినది వాళ్లు రాయండి, అన్నీ ఒకచోట ఉంటాయి.

నా వంతుగా: 15100కి ఫోన్ చేస్తే న్యాయ సేవాధికార సంస్థ పలుకుతుంది. లేదా జిల్లా కోర్టు ఆవరణలో ఉన్న వాళ్ల ఆఫీసుకే వెళ్లొచ్చు. కస్టడీలో ఉన్న మనిషికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా లాయర్‌ను ఇవ్వాలి. మహిళలు, పిల్లలు, ఎస్సీ, ఎస్టీలు, వికలాంగులకూ అంతే. ఇంట్లోవాళ్లు తెల్లకాగితం మీద రాసిచ్చినా చాలు.

క్యాజువాలిటీ_డ్యూటీ
ప్రభుత్వాస్పత్రికి రండి, ఓపీకి కాదు, క్యాజువాలిటీకి. "ఎమ్మెల్సీ (పోలీసు, కోర్టు కేసులకు పనికొచ్చే గాయాల రికార్డు) రాయండి" అని నోరు తెరిచి అడగండి. చాలామంది భయపడి బండి మీంచి పడ్డామంటారు. ఆ ఒక్క మాట రిజిస్టర్‌లోకి ఎక్కితే, తర్వాత కోర్టులో ఎదురు ప్రశ్నలు వేసేటప్పుడు డిఫెన్స్ లాయర్ మొదట పట్టుకునేది దాన్నే. ఎవరు, ఎప్పుడు, దేనితో కొట్టారో చెప్పండి. డాక్టర్ మీ మాటగానే రాస్తాడు, తీర్పు చెప్పడు.

లాఠీ దెబ్బకు చర్మం మీద రెండు సమాంతర ఎర్రగీతలు తేలి, మధ్యలో పాలిపోయి ఉంటుంది. కింద పడితే అలాంటి గుర్తు రాదు. అది మొదటి రోజుల్లోనే స్పష్టంగా ఉంటుంది. తర్వాత కమిలిన చోటు నీలం నుంచి ఆకుపచ్చకు, పసుపుకు తిరిగి, రెండు వారాల్లో దాదాపు మాయమవుతుంది. అందుకే ఫొటోలు రోజూ తీయండి, పక్కన స్కేలు పెట్టి, ఒకటి దగ్గర నుంచి, ఒకటి ముఖం కూడా కనపడేలా దూరం నుంచి.

అరికాళ్ల మీద కొడితే పైకి ఏమీ కనపడకపోవచ్చు. వాపు, అడుగు వేయలేకపోవడం రాయించి ఎక్స్‌రే అడగండి. ఇంకోటి, ఇది ప్రాణం మీదికి వచ్చే విషయం: తొడలు, పిరుదుల మీద బాగా కొట్టాక మూత్రం కూల్‌డ్రింక్ రంగులో వస్తే కండరాలు దెబ్బతిని కిడ్నీల మీద పడుతోందన్నమాట. సీపీకే, క్రియాటినిన్ రక్తపరీక్షలు వెంటనే చేయించాలి. తెల్లారేదాకా ఆగొద్దు.

సెషన్స్_గుంటూరు
డాక్టరు గారు చెప్పింది బయటున్నవాళ్లకు. అరెస్టయిన వాళ్లకు బీఎన్‌ఎస్‌ఎస్ (పాత సీఆర్‌పీసీ బదులు వచ్చిన చట్టం) సెక్షన్ 53 కింద వెంటనే వైద్యపరీక్ష చేయించాలి. ఒంటి మీది గాయాలు, అవి ఎప్పటివో అందులో రాయాలి. కాపీ ఆ మనిషికిగానీ, అతను చెప్పినవాళ్లకుగానీ ఇవ్వాలి. ఇది అడిగి తీసుకునేవాళ్లు చాలా తక్కువ.

అసలు అవకాశం రిమాండు రోజు. మొదటిసారి మేజిస్ట్రేట్ ముందుకు మనిషిని స్వయంగా తేవాలి, వీడియోలో కుదరదు. "పోలీసుల మీద ఫిర్యాదు ఉందా" అని అడిగినప్పుడు పక్కనున్న కానిస్టేబుల్‌ను చూసి "లేదండీ" అనేస్తారు. అది రికార్డులో ఉండిపోతుంది. చొక్కా విప్పి చూపించి, రాసుకోమని కోరండి. స్థానిక ఆస్పత్రి మీద నమ్మకం లేకపోతే వేరేచోట పరీక్ష కావాలని పిటిషన్ వేయొచ్చు. 2021 మేలో ఏపీ సీఐడీ అరెస్టు చేసిన ఒక ఎంపీ విషయంలో సుప్రీంకోర్టు సికింద్రాబాద్ ఆర్మీ ఆస్పత్రిలో పరీక్ష చేయించింది. సామాన్యుడు అడిగినా సూత్రం అదే.

రైతుబిడ్డ_పాలమూరు
అరెస్టు చూపించకుండానే కూర్చోబెడితే? రెండో రోజు దాటినా "మా దగ్గర లేడు" అంటే?

సెషన్స్_గుంటూరు
24 గంటల్లో మేజిస్ట్రేట్ ముందు పెట్టాలి, ప్రయాణ సమయం మినహా. లేదంటే హైకోర్టులో హెబియస్ కార్పస్, అంటే మనిషిని కోర్టు ముందు పెట్టమని కోరే పిటిషన్. అత్యవసరమైతే లంచ్ మోషన్ (అదే రోజు విచారణ), సెలవు రోజైతే హౌస్ మోషన్ (జడ్జి ఇంటి దగ్గర విచారణ) అడగండి. అంత దూరం వెళ్లలేనివాళ్లు బీఎన్‌ఎస్‌ఎస్ 100 కింద స్థానిక మేజిస్ట్రేట్‌ను సెర్చ్ వారెంట్ అడగొచ్చు. తీసుకెళ్లిన టైము, బండి నంబరు, చూసినవాళ్ల పేర్లు అఫిడవిట్‌లో ఉండాలి. ఆ లోపు కలెక్టర్‌కు, ఎస్పీకి, జిల్లా జడ్జికి మెయిల్ కొట్టండి. తర్వాత అరెస్టు తేదీ మార్చి చూపించినా, మీ మెయిల్ టైము మారదు.

ప్లీడర్_హనుమకొండ
ఇక కేసు. అదే స్టేషన్‌లో తీసుకోరు, అది తెలిసిందే. లిఖితపూర్వక ఫిర్యాదు ఇచ్చి, తీసుకోకపోతే బీఎన్‌ఎస్‌ఎస్ 173(4) కింద ఎస్పీకి, కమిషనరేట్ అయితే కమిషనర్‌కు స్పీడ్ పోస్టులో పంపండి. రసీదు, డెలివరీ ప్రింటు దాచండి. అవి లేకుండా దర్యాప్తుకు ఆదేశించమని మేజిస్ట్రేట్ దగ్గర 175(3) పిటిషన్ వేస్తే వెనక్కి వస్తుంది. అఫిడవిట్ జతచేయకపోయినా అంతే.

విధినిర్వహణలో జరిగిందంటే 175(4) వస్తుంది. అప్పుడు పై అధికారి రిపోర్టు తెప్పించుకుని, నిందితుడైన ఉద్యోగి వాదన కూడా చూశాకే దర్యాప్తుకు ఆదేశిస్తారు. ఆలస్యం జరిగేది ఇక్కడే. అందుకే ఫిర్యాదులో "లాకప్‌లో కట్టేసి కొట్టడం ఏ విధిలోనూ భాగం కాదు" అన్నది వాస్తవాలతో రాయాలి. కోర్టు కేసు చేపట్టాలంటే 218 కింద ప్రభుత్వ అనుమతి కావాలన్న అడ్డు, ప్రభుత్వం మాత్రమే తొలగించగల అధికారులకే. కానిస్టేబుల్, ఎస్సైల విషయంలో వాళ్లను తొలగించే అధికారం ఎవరిదో చూసి వాదించండి.

సెక్షన్లు తగ్గించి రాయించుకోవద్దు. ఒప్పుకోలు కోసం కొడితే బీఎన్‌ఎస్ (పాత ఐపీసీ బదులు వచ్చిన శిక్షాస్మృతి) 120, ఏడేళ్ల దాకా శిక్ష. ఎముక విరిగినా, 15 రోజులు మామూలు పనులు చేసుకోలేకపోయినా అది తీవ్రగాయం. మామూలు గాయం, 115(2), ఒక్కటే మిగిలితే ఏడాదిలోపు ఫిర్యాదు వేయాలి, లేకుంటే కాలదోషం.

మీ మీద "విధులకు ఆటంకం" అంటూ 132 కేసు ఎదురు పెట్టడం మామూలే. అప్పుడే రాజీ మాట వస్తుంది. స్టేషన్‌లో ఖాళీ కాగితం మీద సంతకం పెట్టొద్దు.

పారాలీగల్_ఖమ్మం
సీసీ కెమెరాల సంగతి ఎవరూ ఎత్తలేదు. 2020 డిసెంబరు 2న పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో సుప్రీంకోర్టు గేటు, లాకప్, వరండా, ఎస్సై గది అన్నిచోట్లా ఆడియోతో కెమెరాలు పెట్టాలంది. రికార్డు 18 నెలలు, కనీసం ఏడాది ఉంచాలి. ఆచరణలో "కెమెరా పాడైంది", "చెరిగిపోయింది" అంటారు. కాబట్టి మొదటి వారంలోనే తేదీ, గంటలు, ఏ కెమెరానో రాసి భద్రపరచమని ఎస్‌హెచ్‌ఓకు (స్టేషన్ ఇన్‌చార్జికి), ఎస్పీకి, జిల్లా పర్యవేక్షణ కమిటీలో ఉండే కలెక్టర్‌కు ఉత్తరం పెట్టండి. ఉత్తరం అందాక చెరిపితే, చెరిపిన వాళ్లే కోర్టుకు సంజాయిషీ చెప్పుకోవాలి.

ప్లీడర్_హనుమకొండ
పరిహారం గురించి. హైకోర్టులో రిట్ (ప్రాథమిక హక్కుల కోసం నేరుగా వేసే పిటిషన్) వేసి అడగొచ్చు. 1993లో, పోలీసు కస్టడీలో కొడుకును పోగొట్టుకున్న నీలబతి బెహరా కేసులో సుప్రీంకోర్టు లక్షన్నర ఇప్పించింది. "ప్రభుత్వం మీద దావా చెల్లదు" అనే పాత వాదన జీవించే హక్కు ముందు నిలవదని మన కోయిలకుంట్ల సబ్‌జైలు కేసులోనే 2000లో తేలింది. 1977లో జైలు మీద బాంబులు వేసి ఖైదీని చంపితే, కాపలా నిర్లక్ష్యానికి ప్రభుత్వమే బాధ్యత వహించాల్సి వచ్చింది. వాస్తవాల మీద పెద్ద వివాదం ఉంటే మాత్రం రిట్‌లో తేల్చరు, సివిల్ దావాకు పొమ్మంటారు. దానికి ముందు ప్రభుత్వానికి సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 80 నోటీసు ఇచ్చి, రెండు నెలలు ఆగాలి. చట్టప్రకారమే చేశామని వాళ్లంటే దావా వేసే గడువు ఏడాదే, లిమిటేషన్ చట్టం ఆర్టికల్ 72. ఇవేవీ తేలేలోపు వైద్యఖర్చుల కోసం బీఎన్‌ఎస్‌ఎస్ 396 కింద జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు దరఖాస్తు పెట్టండి.

రైతుబిడ్డ_పాలమూరు
మానవ హక్కుల కమిషన్‌కు తెలుగులో రాయొచ్చా? హైదరాబాద్, ఢిల్లీ రెండింటికీ పంపితే మంచిదేనా?

పారాలీగల్_ఖమ్మం
తెలుగులో రాయొచ్చు, ఫీజు లేదు. రెండుచోట్లా వేయకండి. రాష్ట్ర కమిషన్‌లో పెండింగ్ ఉన్నదాన్ని జాతీయ కమిషన్ చేపట్టదు. గడువు ఘటన జరిగిన రోజు నుంచి ఏడాది. కమిషన్ ఇచ్చేది సిఫార్సు మాత్రమే, కాబట్టి అక్కడ వేశామని మేజిస్ట్రేట్ దగ్గర ఫిర్యాదు ఆపొద్దు. ఎమ్మెల్సీ నంబరు, ఎస్పీకి పంపిన పోస్టు రసీదు జతచేయండి, అసలువి కాదు, జిరాక్సులే.