చెత్త సంచిలోంచి సూది గుచ్చుకుంది, ఏం కాదులే అంటున్నారు

ప్రశ్న: రెండు నెలలుగా ఒక క్లినిక్‌లో సాయంత్రం షిఫ్ట్ క్లీనింగ్ చేస్తున్నాను. నిన్న రాత్రి చెత్త సంచి నిండిపోయిందని చేత్తో అదిమి ముడి వేయబోతే లోపలున్న సూది గ్లౌజ్‌లోంచి దిగి అరచేతిలో గుచ్చుకుంది. రక్తం కొంచెమే వచ్చింది. సూపర్‌వైజర్‌కి చెబితే గ్లౌజ్ వేసుకున్నావు కదా ఏం కాదులే అన్నాడు. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు, రాత్రంతా టెన్షన్. ఫినాయిల్ ఎంత కలపాలో నేర్పారు గానీ ఇలాంటిది జరిగితే ఏం చేయాలో ఎవరూ చెప్పలేదు. ఇప్పుడు ఏం చేయాలి?

జవాబు 1: నేను నర్సుని. ఇది చదవగానే ఫోన్ పక్కన పెట్టి ఆసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్ళండి, రేపటికి వాయిదా వేయకండి. హెచ్ఐవీ రాకుండా ఇచ్చే మందులు గంటల్లో మొదలుపెడితేనే మంచిది, 72 గంటలు దాటితే ఇవ్వరు, మొదలుపెడితే 28 రోజులు వాడాలి. అవసరమా లేదా అన్నది డాక్టరు చూసి చెప్తారు. భయపడకండి, హెచ్ఐవీ ఉన్నవాళ్ళకి వాడిన సూది గుచ్చుకున్నా సోకేది దాదాపు వెయ్యి మందిలో ముగ్గురికే. నాకు ఎక్కువ బెంగ కాలేయాన్ని దెబ్బతీసే హెపటైటిస్ బి గురించి, ఆ వైరస్ ఎండిన రక్తంలో కూడా కనీసం 7 రోజులు బతుకుతుంది. టీకా వేయించుకున్నారా? లేకపోతే అదీ అడగండి, మామూలుగా 3 డోసులు. గ్లౌజ్ రక్తం చర్మానికి అంటకుండా ఆపుతుంది, సూదిని ఆపలేదు. ఇంకోసారి ఇలా జరిగితే సబ్బు, పారే నీళ్ళతో కడగాలి, గాయాన్ని పిండకూడదు, నోటితో పీల్చకూడదు. ఎప్పుడు, ఏ గదిలో, ఏ సంచి అన్నది కాగితం మీద రాసి ఇచ్చి, ఒక కాపీ మీ దగ్గర పెట్టుకోండి.

జవాబు 2: చెల్లీ, ముందు అక్క చెప్పినట్టు వెళ్ళిరా. మిగతాది తర్వాత చదువుకో. పదిహేనేళ్ళుగా ఈ పనిలోనే ఉన్నాను, సంచిని అదమడం నాకూ అలవాటుగా ఉండేది, తోటి మనిషికి గుచ్చుకున్నాక మానేశాను. సంచి పూర్తిగా నిండకముందే కట్టెయ్యాలి, పైన ముడి దగ్గర పట్టుకుని ఒంటికి దూరంగా మోయాలి. కింద సూదో గాజుముక్కో కనపడితే చేత్తో తీయొద్దు, పట్టుకారుతోనో చీపురు, చేటతోనో తీయాలి. అసలు సూది మామూలు చెత్తలోకి రావడమే తప్పు, అది వేసినవాళ్ళ తప్పు, నీది కాదు.

ఇంకోటి, బ్లీచ్‌ని టాయిలెట్ యాసిడ్‌తో గానీ అమ్మోనియా ఉన్న క్లీనర్‌తో గానీ ఎప్పుడూ కలపకు. యాసిడ్‌తో కలిస్తే క్లోరిన్ గ్యాస్ వస్తుంది, తలుపు మూసిన చిన్న బాత్రూంలో ఊపిరి ఆడదు. రక్తం ఒలికితే ముందు కాగితంతో అద్ది తీసేసి, 5 శాతం బ్లీచ్ ఒక వంతుకు నీళ్ళు తొమ్మిది వంతులు కలిపి పోసి పది నిమిషాలు ఆగాలి. మనవాళ్ళు పోసిన వెంటనే తుడిచేస్తారు, అప్పుడు పోసీ లాభం లేదు. ఏ రోజు ద్రావణం ఆ రోజే కలుపుకో.

ప్రశ్న అడిగినవారు: వెళ్ళొచ్చాను. రక్తం తీశారు, మందులు మొదలుపెట్టారు, హెపటైటిస్ టీకా మొదటి డోసు కూడా వేశారు. మళ్ళీ పరీక్షలకు తేదీలు ఇచ్చారు. ఇంట్లో కూడా చెప్పాను. కాగితం రాసి ఇస్తే సూపర్‌వైజర్ మొహం మాడ్చుకున్నాడు గానీ తీసుకున్నాడు. ఒక్క డౌటు, ఇంజెక్షన్ గదిలో సూదుల డబ్బా ఎప్పుడూ పైదాకా నిండి మొనలు బయటికి కనపడుతుంటాయి. నేను కిందకి నొక్కి మూత పెట్టొచ్చా?

జవాబు 1: వద్దు, చెయ్యి కూడా దగ్గరికి పోనివ్వకండి. ముప్పావు వంతు నిండగానే మూసేసి కొత్తది పెట్టాలి, అది ఇంజెక్షన్ ఇచ్చేవాళ్ళ పని. నిండిన డబ్బా కనపడితే ఆ గది తుడవకుండా ఆపి వాళ్ళని పిలవండి. మందు ఒక్క రోజు కూడా మానకండి, వికారంగా ఉంటే డాక్టర్‌కి చెప్పండి.