మట్టి మోడల్‌ని నమూనా అనొచ్చా?

ప్రశ్న: అమలాపురం దగ్గర రైతుల మీటింగుకి కరపత్రం రాస్తున్నాను. సాగు పద్ధతి మారితే మట్టిలో సేంద్రియ కర్బనం ఏమవుతుందో కంప్యూటర్లో లెక్కగట్టే మోడల్ గురించి. "మట్టి కర్బన నమూనా" అంటే సరిపోతుందా? ఆ మోడల్ కర్బనాన్ని కొన్ని భాగాలుగా విడగొట్టి లెక్కేస్తుంది, ఒక్కో భాగాన్ని పూల్ అంటారు. పూల్‌కి నిఘంటువులో కొలను అనే ఉంది, అది పెట్టలేను కదా.

జవాబు: నమూనా వద్దండీ. మన వైపు మట్టి నమూనా అంటే పొలంలో గుంట తీసి, సంచిలో కట్టి పరీక్షకి పంపే మట్టే. "నమూనా ప్రకారం కర్బనం తగ్గుతుంది" అంటే ల్యాబ్ రిపోర్టు అనుకుంటారు. ల్యాబ్ చెప్పేది ఇవాళ ఎంత ఉందో, మోడల్ చెప్పేది ఏటా గడ్డి తగలబెట్టుకుంటూ పోతే ఇరవై ఏళ్లకి ఎంత మిగులుతుందో. మోడల్ అనే ఉంచండి, లేదంటే అంచనా లెక్క.

పూల్‌కి పద్దు అనండి. ఇంగ్లండ్‌లో రోథామ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధనా కేంద్రం వాళ్ల రోథ్‌సీ అనే మట్టి కర్బన మోడల్లో ఐదు పద్దులు: త్వరగా కుళ్లేది, నెమ్మదిగా కుళ్లేది, సూక్ష్మజీవులది, హ్యూమస్ (బాగా కుళ్లి మట్టిలో నిలిచిపోయింది), అసలు కదలనిది. జీలుగో పిల్లిపెసరో కలియదున్నితే అది ముందు మొదటి రెండు పద్దుల్లో పడుతుంది, ఆపైన మోడల్ నెలనెలా వానా వేడీ బంకమట్టి శాతం చూసి, కొంత సూక్ష్మజీవులకీ హ్యూమస్‌కీ జమ వేసి మిగతాది బొగ్గుపులుసు వాయువుగా పోయిందని ఖర్చు రాస్తుంది. హ్యూమస్ కరిగే మూల రేటు ఏడాదికి సుమారు నూటికి రెండు. అయితే అది సగటున 9 డిగ్రీలుండే చలిదేశపు లెక్క. మన 28 డిగ్రీలకి, నేలలో తడి ఉంటే, ఆ వేగం నాలుగు రెట్లు దాటుతుంది. పచ్చిరొట్ట ఏటా ఎందుకు వేయమంటారో ఈ ఒక్క అంకెతో చెప్పొచ్చు.

ఇంకొకరు: పద్దు సరే గానీ, రోథ్‌సీని కట్టింది నీళ్లు నిలవని నేలల కోసం. సార్వా, దాళ్వా రెండూ నీళ్లలోనే నడిచే మాగాణికి ఉన్నదున్నట్టు వాడితే నష్టం ఎక్కువ చూపిస్తుంది, నీళ్ల కింద గాలాడక కుళ్లడం మందగిస్తుంది గనక. జపాన్‌లో వరి పొలాలకి ఆ రేట్లు తగ్గించి సరిచేశారు. కరపత్రంలో ఈ వాక్యం పడాలి. అలాగే గడ్డిని నీళ్లలోనే కలిపి దమ్ము చేస్తే భూమిని వేడెక్కించే మీథేన్ వాయువు పెరుగుతుంది, ఈ మోడల్‌లో దానికి పద్దే లేదు.

ప్రశ్న అడిగినవారు: పద్దు తీసుకుంటున్నానండీ. అంచనా లెక్క మాత్రం పంట బీమా వాళ్ల మాటలా వినిపిస్తోంది, మోడల్ అనే ఉంచేస్తా. మీథేన్ సంగతి వెనక పేజీలో వేస్తాను, అక్కడ కాస్త చోటుంది.