చేతికి గ్లవ్స్ తొడుక్కుని వాయిస్తే అది వాయిద్యమా, రిమోటా?

కోడూ కీబోర్డూ:
నిన్న మా బృందంలో దీని మీదే గంటసేపు గొడవ. ఇంగ్లండ్ గాయని ఇమోజెన్ హీప్ మిమూ గ్లవ్స్‌తో చేసిన కచేరీ వీడియో అందరికీ చూపించాను. వేళ్ల మీద వంపును కొలిచే సెన్సర్లు, మణికట్టు దగ్గర కదలికను పట్టే సెన్సర్, అక్కణ్ణుంచి వైఫై మీద లాప్‌టాప్‌కి. పిడికిలి బిగిస్తే పాడిన ముక్క రికార్డయి మళ్లీ మళ్లీ తిరగాలి, చెయ్యెత్తితే ప్రతిధ్వని పెరగాలి, ఇలా ఏ సైగకు ఏం జరగాలో ముందే కుదుర్చుకోవచ్చు. ఆమె ఈ పని 2010 ప్రాంతంలో మొదలుపెట్టింది. 2019లో జత సుమారు 2,500 పౌండ్లకు అమ్మకానికి వచ్చింది. లాప్‌టాప్ మీదికి వంగి బటన్లు నొక్కుతుంటే ఎదురుగా ఉన్నవాళ్లకు మనం ఏం చేస్తున్నామో తెలియదు. ఆ అడ్డు తీసెయ్యాలన్నదే ఆమె పట్టుదల.

మా గిటారిస్టు మాత్రం "ఇది వాయించడం కాదు, రిమోట్ నొక్కడం" అనేశాడు. నా దృష్టిలో ఇది వాయిద్యమే. మీరేమంటారు?

వయొలిన్ శిష్యురాలు:
మీ గిటారిస్టు మాటే నా మాట. తీగ మీద వేలు జారుస్తుంటే తీగ వేలికి ఎదురు చెబుతుంది. కమాను ఎంత నొక్కానో చెవికన్నా ముందు చేతికి తెలుస్తుంది. తోడిలో గాంధారం ఊపడం కాస్త కుదరడానికే నాకు రెండేళ్లు పట్టింది. గాల్లో చెయ్యి ఊపితే ఎదురు చెప్పేదేముంది? పైగా సాఫ్ట్‌వేర్ దగ్గరి స్వరస్థానానికి సర్దేస్తుంది కదా. అపస్వరం వస్తుందన్న భయమే లేనప్పుడు సాధన దేనికి?

కోడూ కీబోర్డూ:
తాకకుండా వాయించడం కొత్తదేం కాదండీ. రష్యాలో లెవ్ థెరమిన్ 1920 ప్రాంతంలో చేసిన, ఆయన పేరుతోనే పిలిచే వాయిద్యానికి తీగా లేదు, మెట్లూ లేవు. శ్రుతికి ఒక చెయ్యి, శబ్దం పెంచి తగ్గించడానికి ఇంకో చెయ్యి. దాన్ని గొప్పగా వాయించిన క్లారా రాక్‌మోర్ మీలాగే వయొలిన్ నేర్చుకున్న మనిషి. చేతికి ఇబ్బంది వచ్చి వయొలిన్ వదిలేశాక గాల్లోనే వేళ్లకు స్థానాలు ఏర్పరచుకుంది. వెంట్రుకవాసి జరిగినా అపస్వరమే. మీరన్న సర్దుబాటు తీసేస్తే గ్లవ్స్‌లోనూ అంతే.

మిక్సర్ వెనకాల:
వాయిద్యం అవునో కాదో మీరు తేల్చుకోండి, నా టెన్షన్ వేరు. పోయినేడాది ఒక కాలేజీ ఫెస్ట్‌కి ఒక అబ్బాయి కదలికను పట్టే రింగు వేలికి పెట్టుకుని వచ్చాడు. సౌండ్ చెక్‌లో అద్భుతం. సాయంత్రం హాలు నిండాక మూడో నిమిషంలో సిగ్నల్ పోయింది. పాపం, చెయ్యి ఊపుతూనే ఉన్నాడు. జనం నవ్వారు. ఆ అబ్బాయి మొహం ఇప్పటికీ నా కళ్లముందే ఉంది. తప్పు అతనిది కాదు, ఖాళీ హాల్లో చూసి సరేనన్న నాది. 2.4 గిగాహెర్ట్జ్ వైఫై మీద వందల ఫోన్లు మాట్లాడుకుంటాయి, మనుషుల ఒళ్లు ఆ తరంగాలను పీల్చేస్తుంది.

అందుకే గ్లవ్స్‌తో వచ్చేవాళ్లు సొంత రౌటర్ తెచ్చుకోండి. 5 గిగాహెర్ట్జ్‌లో పెట్టి, మీకూ దానికీ మధ్య ఎవరూ అడ్డు రాకుండా స్టేజీ మీదే ఉంచండి. లైట్లు వేలాడదీసే ఇనప ట్రస్సులకూ స్పీకర్లకూ దూరంగా నిలబడండి, అక్కడి ఇనుముకూ అయస్కాంతానికీ గ్లవ్స్‌లోని దిక్సూచి సెన్సర్ దారి తప్పుతుంది. సైగకూ శబ్దానికీ మధ్య ఆలస్యం 10 మిల్లీసెకన్లయితే స్పీకరుకు మూడున్నర మీటర్ల దూరంలో నిలబడ్డట్టే, చెవి సర్దుకుంటుంది. ఒకసారి 5, ఒకసారి 30 అయితే మాత్రం ఏ డ్రమ్మరూ మీతో కలిసి వాయించలేడు. ఇంకొకటి, సైగలన్నిటినీ ఆపేసే కాలి పెడల్ ఒకటి తప్పనిసరి. చెమట తుడుచుకున్నా శబ్దం వస్తే ఎలా?

వయొలిన్ శిష్యురాలు:
రాత్రి కూర్చుని రాక్‌మోర్ రికార్డింగులు విన్నాను. థెరమిన్ వాయిద్యమే, ఒప్పుకుంటున్నాను. కానీ అందులో చెయ్యి దగ్గరికి తెస్తే శ్రుతి పెరుగుతుంది. నిన్నా అంతే, రేపూ అంతే. మీ గ్లవ్స్‌లో ఈ పాటకు పిడికిలి అంటే డ్రమ్ము, తర్వాతి పాటకు ప్రతిధ్వని. పాటపాటకూ మెట్లు మారిపోతుంటే చేతికి ఏం అలవాటవుతుంది? చూసేవాళ్లకు మాత్రం ఏం అర్థమవుతుంది? నా అభ్యంతరం గ్లవ్స్ మీద కాదు, ఈ మార్చడం మీద.

కోడూ కీబోర్డూ:
ఈ మాటకు నా దగ్గర జవాబు లేదు. ఈ దారిలో ముందు నడిచినవాళ్లు కూడా మీ వైపే ఉన్నారు. మిషెల్ వైస్విజ్ 1984లో ఆమ్‌స్టర్‌డామ్‌లో 'ది హ్యాండ్స్' అని రెండు చేతులకూ తొడుక్కునే పరికరం చేశాడు. తర్వాత ఒక దశలో మార్పులు చెయ్యడం ఆపేసి, ఉన్నదాన్ని వాయించడం మీదే ఏళ్లు పెట్టాడు. లెటీషియా సొనామీ 1991లో మొదలుపెట్టింది వంటింటి రబ్బరు గ్లవ్స్‌తో. ఎడమ వేళ్లకు సెన్సర్లు అంటించి, కుడి చేతికి అయస్కాంతం పెట్టుకుంది. గ్లవ్‌ను తర్వాత బాగుచేసుకుంది గానీ, ఏళ్ల తరబడి దాన్ని వదల్లేదు. నేనేమో ఆర్నెల్లలో సెట్టింగ్ పదకొండుసార్లు మార్చాను.

పక్కవాద్యం:
పద్దెనిమిదేళ్లు మృదంగం వాయించాను. మోచేతి దగ్గర నరం దెబ్బతిని కుడిచేతి ఉంగరపు వేలూ చిటికెన వేలూ మాట వినడం మానేశాయి. సెరిబ్రల్ పాల్సీ (ఒంటి కదలికలు అదుపు తప్పే మెదడు సమస్య) ఉన్న క్రిస్ హాల్పిన్ అనే ఇంగ్లండ్ సంగీతకారుడు గిటారు, పియానో వాయించడం కష్టమయ్యాక ఇవే గ్లవ్స్‌తో స్టేజీ ఎక్కాడు. ఆయన్ని చూసిన రోజు నాకు నిద్ర పట్టలేదు. అమ్మా శిష్యురాలూ, తీగ ఎదురు చెబుతుందన్నావు, నిజమే. నా చేతికి ఆ ఎదురే ఇప్పుడు అడ్డం. మిగిలిన మూడు వేళ్లతో, మణికట్టుతో ఎంత లయ పలికించగలనో చూసుకోవాలని ఉంది. దాని పేరు వాయిద్యం కాకపోయినా నాకు పట్టింపు లేదు.

వయొలిన్ శిష్యురాలు:
క్షమించండి బాబాయ్ గారూ. నేను నా చేతుల్ని బట్టే మాట్లాడాను.

కోడూ కీబోర్డూ:
సార్, మీ మూడు వేళ్లకు సరిపడా గ్లవ్ నేనే కుట్టించి వైరింగ్ చేస్తాను, నంబరు పర్సనల్ మెసేజ్‌లో పంపండి. నా సంగతికొస్తే, ఆరే ఆరు సైగలు పెట్టుకుని ఉగాది దాకా ఒక్కటి కూడా మార్చను. మిక్సర్ అన్నా, హాలు నిండినప్పుడు ఒకసారి పరీక్షించడానికి వస్తారా?

మిక్సర్ వెనకాల:
వస్తాను తమ్ముడూ. రౌటర్ మర్చిపోకు.

వయొలిన్ శిష్యురాలు:
సర్దుబాటు తీసేసి మోహనం వాయించి చూడండి. తోడి జోలికి ఇప్పుడే వెళ్లొద్దు. రికార్డింగ్ పంపితే విని, ఎక్కడెక్కడ శ్రుతి తప్పారో రాస్తాను.